రెండు బ్లాకులు

జూలై 12

ఈ డైరీ హుజూర్‌నగర్‌లో ఎరువుల దుకాణం వాళ్లు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చారు. ఆరు నెలలుగా టీవీ కింద పడి ఉంది. నాకు రాసే అలవాటు లాగ్‌బుక్ వరకే. పదకొండేళ్లుగా మా ఊరి సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. ఏ లైను ఎన్ని గంటలకు ఆగింది, ఎన్ని గంటలకు వచ్చింది, ఎవరు చెప్పారు, కింద సంతకం. అంతకు మించి ఎవరూ నన్ను ఏమీ రాయమనలేదు.

మొన్న పదో తారీఖు మధ్యాహ్నం మా బీరయ్య బావ చనిపోయాడు. సరళక్క భర్త. మా ఊరి రైతు మల్సూర్ పొలం దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి, కాలిపోయిన ఫ్యూజు కడుతుంటే లైన్లోకి కరెంటు వచ్చింది.

ఆ కరెంటు ఇచ్చింది నేనే. పైనుంచి ఇవ్వమన్నారు, ఇచ్చాను. ఎక్కమని నేను చెప్పలేదు.

ఇవాళ్టికి ఇంతే.

జూలై 13

వరసగా రాస్తే గుండె బరువు కొంత దిగుతుందేమో చూస్తాను.

మధ్యాహ్నం రెండూ ముప్పై ఎనిమిదికి కంట్రోల్ రూం నుంచి ఫోన్. గాలి పడిపోయింది, లోడ్ రిలీఫ్ కావాలి, అంటే వాడకం తగ్గించాలి, రెండో ఫీడరూ మూడో ఫీడరూ వెంటనే తీసెయ్యమన్నారు. తీసేశాను. ఫీడరంటే సబ్‌స్టేషన్ నుంచి పోయే లైను. మూడోది మా ఊరి బోర్లది.

గాలి పడిపోతే కరెంటు తీసెయ్యడం ఏమిటని ఎవరైనా అడుగుతారు. మా చుట్టుపక్కల ఒక్క గాలిమర లేదు. మేళ్లచెరువు వైపు చూస్తే సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు కనిపిస్తాయి, అంతే. కిందటేడు బావకు ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు తన మందలో గొర్రెలు బెదిరేలా నవ్వాడు.

"ఎక్కడ్నో గుట్టల మీద గాలి ఆగితే గీడ మన మోటరు ఆగుడేంది బామ్మర్ది?"

"దేశమంత ఒక్కటే తీగ బావా. రేపు ఇంత గాలి వస్తదని ముందుగాల్నే లెక్క కడ్తరు. ఆ లెక్క తప్పి గాలి పడ్డదనుకో, కరెంటు తక్కువైతది. ఎవరో ఒకరు వాడకం తగ్గియ్యాలె. లేకుంటే అందరిది ఖతం."

"ఆ ఎవరో ఒకరు మనమే ఎందుకైతం? మిర్యాలగూడ మిల్లులోళ్లు ఎందుకు గారు?"

"మిల్లు ఆగితే మిల్లాయన పెద్దసారుకు ఫోన్ చేస్తడు. నువ్వు ఎవరికి చేస్తవ్?"

"నీకే చేస్త," అన్నాడు. "గాలికి పోయే కంపను తెచ్చి మా నెత్తిన తగిలిస్తున్నవ్ గదర నువ్వు."

అలా అన్నాడే కానీ, ఆ మాటలు బాగా ఒంటబట్టాయి. పై లెక్కలన్నీ పదిహేను నిమిషాలకొకటి. దాన్ని బ్లాకు అంటారు. నాకు తెలివి ఎక్కువ కదా, ఎనిమిది నెలలు లాగ్‌బుక్ తిరగేసి ఒక సంగతి కనిపెట్టాను. రిలీఫ్ అని తీయించారంటే రెండు బ్లాకుల లోపల ఎప్పుడూ తిరిగి ఇవ్వమనలేదు. ఊళ్లో అందరికీ చెప్పాను. అప్పటినుంచి కరెంటు పోతే మా ఊళ్లో "ఎప్పుడొస్తది" అని అడగరు, "ఎన్ని బ్లాకులు" అని అడుగుతారు. హోటల్లో చాయ్ ఆలస్యమైనా అదే మాట. నాకు గర్వంగా ఉండేది.

పదో తారీఖు రెండూ నలభై తొమ్మిదికే మళ్లీ ఫోన్ వచ్చింది. గాలి లేచింది, జల్దీ రెస్టోర్. పదకొండు నిమిషాలు. ఆన్ చేసే ముందు బావకు ఫోన్ చేశాను, కలవలేదు. రెండో ఫీడర్ ఇచ్చాను, మూడోది ఇచ్చాను. ఇవ్వగానే మూడోది ట్రిప్ అయి దానంతటదే ఆగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది.

కాసేపటికి మల్సూర్ బండి మీద గేటు దాకా వచ్చి, దిగకుండానే "బంద్ చెయ్, బంద్ చెయ్" అని అరిచాడు. అప్పటికే బంద్ అయి ఉంది.

జూలై 15

మా ఏఈ మధుసూదన్ సారు వచ్చాడు. లాగ్‌బుక్ తెరిచి ఆ రోజు పేజీ రెండుసార్లు చదివాడు. 14:38 ఆఫ్, 14:49 ఆన్, కంట్రోల్ రూం ఆదేశం. నా చేతిరాత బాగుంటుందని పేరు.

"ఎల్సీ ఎవరికన్న ఇచ్చినవా మురళీ?"

ఎల్సీ అంటే లైన్ క్లియర్. మా లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు కాయితం మీద రాయించుకునేది. అది తిరిగి నా చేతికి రాకుండా నేను కరెంటు ఇవ్వకూడదు.

"లేదు సార్."

"ఫోన్‌ల గిట్ల ఏమన్న చెప్పినవా?"

"లేదు సార్."

ఆయన లాగ్‌బుక్ మూసి, దాని మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు. కరెంటు ప్రమాదాలు చూసే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణ ఉంటుందట. ఆపరేటర్ మాట మీద ఎక్కాడని తేలితే తప్పు డిపార్ట్‌మెంటుది. అక్కకు నష్టపరిహారం వస్తుంది, నా ఉద్యోగం పోతుంది, కేసు కూడా అవుతుంది. అడగకుండా ఎక్కాడని తేలితే తప్పు చచ్చినవాడిది. ఎవరికీ ఏమీ కాదు, అక్కకు ఏమీ రాదు.

"బావ అని నాకు తెల్సు. బాధ ఉంటది. గని పోయినోడు ఎట్ల రాడు. నువ్వు జర గట్టిగుండు," అన్నాడు. మంచివాడే. నా మంచికే చెప్పాడు.

ఒకటి మాత్రం ఆయనకు చెప్పాను. ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదానికే కరెంటు ఆపే స్విచ్ స్తంభానికి ఉంటుంది. దాని హ్యాండిల్ తుప్పు పట్టి బిగుసుకుపోయి రెండేళ్లయింది. మూడుసార్లు రాసి పంపాను. అది పనిచేసుంటే బావ దాన్ని లాగి ఎక్కేవాడు, నా కరెంటుతో పనే ఉండేది కాదు. నా తప్పు ఎంత ఉందో ఆ స్విచ్‌ది అంతకు నాలుగింతలు ఉంది. ఇది ఎవరినైనా అడగొచ్చు.

జూలై 16

నా ఫోన్‌లో కాల్ లిస్టు నిండిపోయిందని కొన్ని తీసేశాను.

జూలై 17

లాగ్‌బుక్‌లో ఒక్క అబద్ధం లేదు. నేను ఎవరి ముందైనా తెరిచి చూపిస్తాను.

ఎక్కమని నేను చెప్పలేదు. 14:39కి బావే ఫోన్ చేశాడు. మల్సూర్ నారుమడి ఎండుతోంది, పొద్దున్నే ఫ్యూజు పోయింది, లైన్‌మన్ మేళ్లచెరువులో ఉన్నాడు, రేపు గానీ రాడు. "ఎన్ని బ్లాకులు బామ్మర్ది?" అన్నాడు. రెండు అన్నాను.

రెండు అని మాత్రమే అన్నాను. అడిగినదానికి జవాబు చెప్పడం ఎక్కమనడం కాదు.

జూలై 20

పదకొండో రోజు. వాన పడలేదు. ఎడమ కాలువకు నీళ్లు ఇంకా వదల్లేదు.

అక్క ఏడవడం లేదు. పొద్దున కార్యం మొదలయ్యేముందు కూడా గొర్రెల దొడ్డిలోకి వెళ్లి పిల్లల్ని తల్లుల దగ్గరికి వదిలి వచ్చింది. ఆ మందకు బావ కూత తప్ప ఇంకెవరి కూతా అలవాటు లేదు. అక్క పిలిస్తే తలెత్తి చూస్తాయి, కదలవు. అక్క గొంతు మార్చి బావలాగా పిలవబోయి, మధ్యలో ఆపేసింది. దొడ్డి బయట నిలబడి నేను ఏడ్చాను.

భోజనాల దగ్గర మల్సూర్ వచ్చి అందరి ముందు అక్క కాళ్ల మీద పడ్డాడు.

"నా నారుమడి కోసమే ఎక్కిండు చెల్లే. లైన్‌మన్ వచ్చేదాక ఆగుదమంటే ఇనలే అని అందరికి చెప్తున్నగని, నేనే ఆగలే. నేనే బతిమాలిన. నేనే పొట్టన పెట్టుకున్న."

అక్క వంగి అతన్ని లేపింది. "నువ్వేం జేస్తివి మల్సూరన్నా. లే. తిను," అంది. ఆ మాట అంటున్నంతసేపూ అతని వైపు చూడలేదు. నన్ను చూసింది.

మల్సూర్ తినకుండా వెళ్లిపోయాడు. నేను తిన్నాను. వడ్డించింది పారేస్తే బాగుండదని తిన్నాను.

జూలై 23

బావకు ఫ్యూజు కట్టడం నేర్పింది నేను.

సూర్యాపేటలో ఐటీఐ అయిపోయి వచ్చిన ఎండాకాలం. కొత్త కటింగ్ ప్లయర్, కొత్త టెస్టర్, చెట్టంత పొగరు. ఆ ఐటీఐకి రోజూ బస్సెక్కించేందుకు సైకిల్ మీద రోడ్డు దాకా దింపింది బావే. గొర్రెల వెంట రెండేళ్లు ఒక్కడే తిరిగి నన్ను చదువుకోమన్నాడు. ఆ కృతజ్ఞత కొద్దీ నాకు తెలిసింది నేర్పాను. తీగ ఎంత లావు ఉండాలి, ఎన్ని చుట్లు చుట్టాలి, కాలు ఎక్కడ పెట్టాలి. నాకంటే బాగా నేర్చుకున్నాడు. తర్వాత ఊళ్లో ఎవరి ఫ్యూజు పోయినా బీరయ్యనే పిలిచేవాళ్లు. ఏమీ తీసుకునేవాడు కాదు. చాయ్ తాగేవాడు.

ఒకే ఒక్క షరతు పెట్టాను. నన్ను అడగకుండా ఎక్కొద్దన్నాను.

జూలై 26

సూర్యాపేటలో ఆపరేటర్లందరికీ మీటింగ్. హైదరాబాద్ నుంచి ప్రశాంతి అని చిన్న వయసు మేడం వచ్చింది. గాలి కరెంటు గురించి తెర మీద బొమ్మలతో చెప్పింది. నాకు తెలుసనుకున్నదే, కానీ ఆమె చెప్తుంటే మొదటిసారి మొత్తం అర్థమైంది.

గాలి కరెంటు చవక. బొగ్గు కాలదు, పొగ రాదు. కానీ గాలి మాట మీద నిలబడదు. అందుకని అది తప్పినప్పుడు ఆదుకోవడానికి ఎవరో ఒకరు సిద్ధంగా ఉండాలి. బొగ్గు కేంద్రాలు సగం మంట మీద కాచుకుని ఉండాలి, దానికి ఖర్చు. డ్యాంలో నీళ్లు దాచి పెట్టుకోవాలి, దానికి ఖర్చు. అప్పటికప్పుడు మార్కెట్లో కొంటే యూనిట్‌కు అన్నిటికంటే ఎక్కువ ధర. కొనకుండా ఉమ్మడి తీగలోంచి లాక్కుంటే జరిమానా. గాలి తిరిగొచ్చాక వాడకుండా వదిలేసినా నష్టమే, అందుకే జల్దీ రెస్టోర్ చేయమంటారు. ఈ ఖర్చులన్నీ ఒక్కో బ్లాకుకు ఒక్కో వరసగా పట్టికలో ఉన్నాయి. రోజుకు తొంభై ఆరు బ్లాకులు.

జూలై పది వచ్చింది. యాభై తొమ్మిదో బ్లాకు, అంటే మధ్యాహ్నం రెండున్నర నుంచి రెండూ నలభై ఐదు దాకా, ఆకుపచ్చ రంగులో ఉంది.

నేను లేచాను. ఎందుకు లేచానో తెలియదు.

"మేడం, యాభై తొమ్మిది ఎందుకు పచ్చగున్నది?"

"ఆ టైంలో మీరు రిలీఫ్ వెంటనే ఇచ్చారు కదా, జరిమానా తప్పింది. పదకొండు నిమిషాల్లో గాలి మళ్లీ వచ్చింది. చాలా బాగా బ్యాలెన్స్ అయిన బ్లాకు అది."

"మరి రిలీఫ్ ఇచ్చినందుకు ఖర్చు ఏ వరసల రాస్తరు?"

"రిలీఫ్‌కి ఖర్చు ఏముంటుందండీ? కాసేపు వాడరు, అంతే కదా."

వెనక ఎవరో నవ్వారు. కూర్చున్నాను. చాయ్ దగ్గర ఆమే వెతుక్కుంటూ వచ్చింది. "ఆ రోజు మీ దగ్గర ఏమైనా ఇబ్బంది అయిందా? చెప్తే మేము కూడా తెలుసుకుంటాం," అంది. నిజంగానే తెలుసుకుందామని అడిగింది, ముఖం చూస్తే తెలుస్తోంది.

"ఏం లేదు మేడం," అన్నాను.

బస్సులో కిటికీ దగ్గర కూర్చున్నాను. ముఖానికి గాలి కొట్టింది. గాలి మీద నాకు కోపం లేదు. అది రావడం ఆలస్యం చేయలేదు, తొందరగానే వచ్చింది.

జూలై 29

మల్సూర్ నారుమడి ఎండిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేశారు, హ్యాండిల్ కూడా కొత్తది వేశారు, కరెంటు ఉంది. అయినా మోటరు వెయ్యడం లేదట. స్విచ్ ముట్టుకోనంటున్నాడని వాళ్లావిడ శాంతమ్మ సబ్‌స్టేషన్ దాకా వచ్చి చెప్పింది. "నువ్వన్న చెప్పు మురళీ. నువ్వు చెప్తే ఇంటడు. పాపం తనదే అని కూసున్నడు, అన్నం ముట్టుతలేడు."

చెప్తానన్నాను. వెళ్లలేదు. ఏమని చెప్పాలి?

జూలై 31

ఈ డైరీ మొదటినుంచి చదివాను. పదమూడో తారీఖు పేజీలో, ఆన్ చేసే ముందు బావకు ఫోన్ చేశాను, కలవలేదు అని ఉంది. రెండు వాక్యాల కింద, అప్పుడు గుర్తొచ్చింది అని ఉంది.

ఫోన్ చేసినవాడికి మళ్లీ గుర్తు రావడమేమిటి?

ఎవరూ చదవని పుస్తకంలో, నాకు నేను రాసుకుంటూ, అందులో కూడా అబద్ధం రాశాను.

ఫోన్ చేయలేదు. మర్చిపోయాను. ఫీడర్లు తీసేశాక చాయ్ పోసుకుని, ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ చూస్తూ కూర్చున్నాను. కరెంటు చాలినంత ఉంటే అది యాభై, తక్కువైతే కిందికి దిగుతుంది. అది చూడటం నాకు సరదా. 49.78 నుంచి ఒక్కో అంకె పైకి ఎక్కుతుంటే క్రికెట్ స్కోరు చూసినట్టు చూస్తున్నాను. యాభైకి దగ్గరపడింది. సంతోషపడ్డాను. ఫోన్ మోగింది, రెస్టోర్ అన్నారు, స్విచ్ తిప్పాను. చేతికి పదకొండేళ్ల అలవాటు. ఆ పదకొండు నిమిషాల్లో బావ స్తంభం మీద ఉన్నాడన్న మాట నా తలలో లేదు.

ఇంతే జరిగింది.

ఆగస్టు 5

విచారణ పన్నెండో తారీఖున కోదాడలో. నాకూ అక్కకూ మల్సూర్‌కూ నోటీసులు వచ్చాయి. బావ ఫోన్ చొక్కా జేబులోనే కాలిపోయింది. మధుసూదన్ సారు మళ్లీ ఫోన్ చేసి, లాగ్‌బుక్‌లో ఏముందో అదే చెప్పమన్నాడు.

విచారణలో నిజం చెప్పేస్తాను. ముందు అక్కకు చెప్పాలి. ఎవరి నోటి నుంచో వినకూడదు.

ఆగస్టు 6

చెప్పలేదు. మందలో ఒక గొర్రె కుంటుతోంది. దాన్ని పట్టుకుని ఉంది అక్క. నేను వెనక కాళ్లు పట్టుకున్నాను. గిట్టలో ముల్లు. తీసి, పసుపు పెట్టి, ఇంటికొచ్చాను.

ఆగస్టు 7

చెప్పలేదు.

ఆగస్టు 9

రాఖీ పున్నమి. ఏడాది దాకా అక్కకు పండుగ లేదు, నాకూ లేదనుకున్నాను. పొద్దున్నే అక్క వచ్చింది. మా అమ్మ జంగమ్మ గడప దగ్గరే ఆపి "ఏంది బిడ్డా, ఈ యేడు కట్టొద్దు గద," అంది.

"రాఖీ కాదు తియ్యవే. ఉత్త దారం," అంది అక్క.

కొంగు ముడి విప్పి నల్ల ఉన్ని దారం తీసింది. బావ గొంగడి అంచులోంచి లాగినది. నా ఎడమ చేతికి మూడు చుట్లు చుట్టి ముడి వేసింది. ఉన్ని గరుకుగా ఉంది. గొర్రెల వాసన, వానలో తడిసి ఆరిన వాసన, బావ వాసన.

"అక్కా, ఒక ముచ్చట," అన్నాను.

చేతిలో నా చెయ్యి పట్టుకునే ఉంది. "చెప్పు తమ్మీ."

అమ్మ లోపల గిన్నెలు కడుగుతోంది. రోడ్డు మీద సిమెంటు లారీ పోయింది. అది పోయేదాకా ఆగాను. పోయాక కూడా ఆగాను.

"కోదాడకు పొద్దుగాల ఏడు గంటల బస్సుకు పోదాం," అన్నాను.

"సరే," అంది. చెయ్యి వదిలింది.

ఆగస్టు 12

ఇవాళ జరిగింది జరిగినట్టే రాస్తాను.

కోదాడలో ఆఫీసు వరండాలో బల్ల. మా ముగ్గురినీ ఒకేసారి లోపలికి పిలిచారు. నా మాట మొదట అడుగుతారనుకున్నాను. తయారయ్యే వచ్చాను. దారంతా బస్సులో నోట్లో అనుకుంటూనే ఉన్నాను. ఇన్‌స్పెక్టర్ పెద్దాయన, నెమ్మదస్తుడు. మొదట మల్సూర్‌ని అడిగాడు. బీరయ్య ఎక్కేటప్పుడు నేను బోరు డబ్బా దగ్గర ఉన్నా, ఫోన్ సంగతి నాకు తెల్వదు, తప్పు నాదే అన్నాడు మల్సూర్. తర్వాత అక్కను అడిగాడు.

"చెప్పండమ్మా. మీ ఆయన ఎక్కే ముందు ఎవరికైనా ఫోన్ చేశారా? ఎవరైనా ఎక్కమని చెప్పారా?"

అక్క నా వైపు చూసింది. నా ముఖం నుంచి చూపు తిప్పకుండానే ఆయనకు జవాబు చెప్పింది.

"లేదు సార్. ఎవరిని అడగలే. ఆయనకాయనే ఎక్కిండు."

గుమాస్తా రాసుకున్నాడు. నా వంతు వచ్చింది.

"మీరేమంటారు?"

ఒక్క క్షణంలో నా తెలివి ఎంత పని చేసిందో రాసుకోవాలి. నేనిప్పుడు నిజం చెప్తే అక్క అబద్ధమాడినట్టు అవుతుంది. అక్కను అబద్ధాలకోరుని చేయకూడదు. అక్క మర్యాద కోసం ఊరుకోవాలి. ఇంత చక్కటి సాకు దొరికింది.

"అక్క చెప్పిందే సార్. లాగ్‌బుక్‌ల ఎల్సీ ఏం లేదు," అన్నాను.

సంతకాలు పెట్టాం. అక్క వేలిముద్ర వేసింది. మల్సూర్ నడిచి ఎటో వెళ్లిపోయాడు. మేమిద్దరం బస్టాండులో కూర్చున్నాం. హుజూర్‌నగర్ బస్సుకు ఇంకా టైముంది. అక్కకు సోడా తెచ్చాను. పట్టుకుంది, తాగలేదు.

"నేను ఆ రోజు గట్టు మీదనే ఉన్న తమ్మీ," అంది.

సోడా సీసా పక్కన పెట్టింది.

"బువ్వ తీస్కపోయిన. ఆయన చేతులకు మట్టుండె. ఫోన్ స్పీకర్ల పెట్టి జేబుల ఏస్కున్నడు. ఎన్ని బ్లాకులు బామ్మర్ది అన్నడు. రెండు బ్లాకులు ఢోకా లేదు, ఎక్కు బావా అన్నవ్. నేను ఇన్న."

ఎక్కు బావా అన్నాను. అవును. అది కూడా అన్నాను. ఈ డైరీలో ఇన్ని పేజీలు రాసి ఆ ఒక్క ముక్క రాయలేదు.

"మరి లోపల ఎందుకట్ల చెప్పినవ్ అక్కా?"

"నేను చెప్తే నిన్ను పట్టిచ్చినట్టయితది. నువ్వు చెప్తే చెప్పినట్టుంటది. అందుకే నీ మొకం సూసుకుంట చెప్పిన. కాదంటవేమో అని సూసిన."

బస్సు వచ్చింది. జనం లేచారు. అక్క లేవలేదు.

"నౌకరి నీకుండని తియ్. పైసల్ నాకొద్దు. గని ఒకటి జెప్పు. అడగకుంట ఎక్కిండని కాయితం మీద రాసుకున్నరు. ఎర్రోడనుకుంటరు ఇగ. ఆయన ఎన్నడన్న నిన్ను అడగకుంట ఎక్కిండా తమ్మీ?"

ఎక్కలేదు. పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా. ఎండలో, వానలో, నేను నిద్రలో ఉన్నా సరే, ఫోన్ చేసి అడిగి, సరే అన్నాకే కాలు పైకి పెట్టేవాడు. ఊరంతా నవ్వినా అలాగే చేశాడు. నీకే చేస్త అన్నాడు కదా, నాకే చేశాడు.

బస్సులో అక్క నా పక్కన కూర్చోలేదు. ఆడవాళ్ల సీట్లలో కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను.

ఆగస్టు 13

పొద్దున డ్యూటీ. ఆరు గంటలకు చార్జ్ తీసుకుని లాగ్‌బుక్ వెనక్కి తిప్పాను. జూలై పదో తారీఖు. 14:38 వరస, 14:49 వరస. చివరి గడి రిమార్కులది. మేమెవరం అందులో ఏమీ రాయం. పుస్తకం నిండేదాకా అది ఖాళీగానే ఉంటుంది.

అందులో రాశాను. గడి చిన్నది, అక్షరాలు కుదించి రాశాను.

14:39 బీరయ్య ఫోన్ చేసి అడిగాడు. రెండు బ్లాకులు రాదు, ఎక్కు బావా అని ఆపరేటర్ చెప్పాడు. 14:49 ఆన్ చేసే ముందు ఆపరేటర్ ఫోన్ చేయలేదు. మర్చిపోయాడు. బీరయ్య అడగకుండా ఎక్కలేదు.

కింద సంతకం పెట్టి ఇవాళ్టి తారీఖు వేశాను. ఫోటో తీసి మధుసూదన్ సారుకు పంపాను. ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు వేరే కాయితం రాశాను, డ్యూటీ దిగాక కోదాడ వెళ్లి ఇస్తాను. సారు నాలుగుసార్లు ఫోన్ చేశాడు. ఐదోసారి ఎత్తాను. "ఎంత పని చేసినవ్ మురళీ," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

తొమ్మిదింటికి మల్సూర్‌ని పిలిపించాను. గేటు లోపలికి రానన్నాడు. నేనే బయటికి వెళ్లి, ఎండలో నిలబడి, మొత్తం చెప్పాను. కొడతాడనుకున్నాను. నోరు తెరుచుకుని నన్నే చూశాడు. తర్వాత గేటు పట్టుకుని కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నెల రోజులు నేను అతని మీద పెట్టిన బరువు అది.

అక్కకు చెప్పడానికి పదకొండింటికి ఫోన్ చేశాను. రాసింది రాసినట్టు చదివి వినిపించాను. అటునుంచి మంద అరుపులు వినిపిస్తున్నాయి.

"ఆఖరుది మల్ల సదువు," అంది.

"బీరయ్య అడగకుండా ఎక్కలేదు."

"ఆఁ," అంది. ఫోన్ పెట్టేసింది. అక్క నన్ను క్షమించిందని దీనికి అర్థం కాదు. అలా రాసుకుని సంతోషపడను.

ఇప్పుడు పన్నెండూ ఇరవై. కంట్రోల్ రూం ఫోన్ వచ్చింది. గాలి పడిపోయిందట, రెండూ మూడూ తీసెయ్యమన్నారు. తీసేశాను. ఎన్ని రోజులు ఈ కుర్చీలో ఉంటానో తెలియదు, బహుశా ఇవాళే ఆఖరు. ఊరి గ్రూపులో అప్పుడే మొదలుపెట్టారు. మురళన్నా ఎన్ని బ్లాకులు, మురళన్నా ఎన్ని బ్లాకులు. ఏడుగురు అడిగారు. బీరయ్య బావ పేరు కూడా ఆ గ్రూపులో ఇంకా ఉంది, ఎవరూ తీయలేదు.

చేతికి ఉన్ని దారం గుచ్చుకుంటోంది. ఒక్కో అక్షరం వెతుక్కుని టైపు చేసి పంపాను.

"ఎవరూ ఎక్కకుండ్రి. ఎప్పుడొస్తదో నాకు తెల్వదు."